పెళ్ళి గొంగళ్ళు, స్టిక్స్ నీళ్ళు

జెలినిత్సా,
ఏప్రిల్ 1927

జ్ఞానతండ్రి పెరియాండ్రోస్ గారికి,

మా ఊరి పేరు తీసేశారు. తీసింది మీరు.

ముందు క్షేమసమాచారాలు అడిగి తర్వాత ఈ మాట రాయాలని మా పూజారి పాపా-ఫోటిస్ నేర్పాడు. ఈసారి అడగబుద్ధి కాలేదు.

సోమవారం పొద్దున ఇద్దరు పోలీసు జవాన్లు కంచరగాడిద మీద ఒక నీలిరంగు రేకు తెచ్చి, వంతెన పక్కనున్న అక్రోటు చెట్టుకు మేకులు కొట్టి బిగించారు. దాని మీద తెల్లటి అక్షరాల్లో 'స్టిక్స్' అని ఉంది. ఊరంతా చుట్టూ మూగింది. కాఫీకొట్టు థొడోరిస్, "ఇదేంట్రా, గాడిదల కడుపునొప్పికి మందు పేరులా ఉందే" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. బడిపంతులు వచ్చి అర్థం చెప్పేదాకా నవ్వుతూనే ఉన్నారు.

చచ్చినవాళ్ళ లోకాన్ని చుట్టి పారే నది పేరట. దేవుళ్ళు కూడా దాని మీద ఒట్టు పెట్టాలంటే వణికేవారట. ఆ నీళ్ళు తాగిన మనిషి బతకడట, పోసిన కుండ పగులుతుందట. మన కొండ మీంచి దూకే నల్లధారే ఆ నది అని ఏథెన్సులో పెద్దలు తేల్చారట. ఆ పెద్దల్లో మన ఊరి బిడ్డ ఒకాయన ఉన్నాడని పంతులు గర్వంగా చెప్పాడు.

అప్పుడు మా అమ్మ నల్లధార నీళ్ళ కుండ చంకనబెట్టుకుని అక్కడే ఉంది.

"పంతులూ, నా కుండ పగల్లేదే" అంది.

"అది పురాణం, గరూఫలియా."

"పురాణమైతే పుస్తకంలో పెట్టుకోండి. మా చెట్టుకెందుకు కొట్టారు?"

దానికి జవాబు మీ దగ్గర ఉందేమోనని రాస్తున్నాను.

నా జ్ఞానస్నానం రోజున అమ్మ చర్చిలో లేదు. తల్లి ఇంట్లోనే కూర్చోవాలి, జ్ఞానతండ్రి బిడ్డ పేరు పలకగానే పిల్లలు పరుగున వెళ్ళి ఆమెకు చెప్పాలి, అదే కదా మన ఆచారం. మొదటి మగబిడ్డ కాబట్టి తాత పేరు లాంబ్రోస్ పెడతారని ఆమె అనుకుంటోంది. మీరు అకిలీస్ అన్నారు. పిల్లలు ఆయాసపడుతూ వచ్చి చెబితే, చేతుల్లో చక్కెర బాదంపప్పులు పోసి, "మళ్ళీ చెప్పండ్రా, సరిగా విన్నారా?" అందట. ఇప్పుడు ఊరికీ అలాగే చేశారు. తల్లికి తెలియకుండా పేరు పెట్టి, చెప్పి రమ్మని జవాన్లను పంపారు.

మీకు మా సుడితొట్టె గుర్తుందా? మగ్గం దిగిన గొంగళి గోనెసంచిలా గీరుకుంటుంది. నల్లధార నీళ్ళు దోనెలోంచి దూకి తొట్టెలో సుడి తిప్పి తొక్కితేనే ఆ ఉన్ని చిక్కబడుతుంది, మనిషి ఒంటికి పనికొస్తుంది. నాన్న పోయినప్పటి నుంచి మా పొయ్యి వెలిగేది ఆ తొట్టె వల్లనే. గొర్రెల ఉన్ని కోతలు కాగానే కింది ఊళ్ళవాళ్ళు పెళ్ళి గొంగళ్ళు తెస్తారు. చచ్చినవాళ్ళ నదిలో పెళ్ళి గొంగళి ఎవరు తడుపుతారు? తొట్టె ఆగిందంటే మా అమ్మ పాత్రాస్ పోయి ఎవరింట్లోనో అంట్లు తోముకోవాలి.

ఆ రేకు తీయించండి.

మీ జ్ఞానపుత్రుడు,
అకిలీస్

ఏథెన్స్,
ఏప్రిల్ నెలాఖరు

చిరంజీవి అకిలీస్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో కోపం నీ వయసుది, వాక్యాలు కరపత్రాలవి. సూదులూ దారాలూ అమ్మేవాడు పాత్రాస్ నుంచి తెచ్చే ఆ చౌక కాగితాలు ఇంకా చదువుతున్నావన్నమాట. చదువు. కానీ నా చిన్నప్పటి పుస్తకాలు మీ ఇంటి అటక మీదే ఉన్నాయి, వాటి దుమ్ము కూడా ఒకసారి దులుపు.

జెలినిత్సా అంటే అర్థం ఏమిటి? చెప్పగలవా? ఎప్పుడో ఉత్తరాన్నించి దిగివచ్చిన స్లావు కాపరి ఎవడో తన గొర్రెలను అదిలించిన మాట. మన దేశం పరాయి పాలన వదిలించుకుని నూరేళ్ళు కావస్తోంది, ఇంకా వాడి అదిలింపే మన చిరునామా. నేను మీకు దేవతలు ఒట్టు పెట్టుకున్న పేరు తెచ్చాను. పక్కలోయవాళ్ళు ఈ పేరు తమకే రావాలని మంత్రుల గుమ్మాలు అరగదొక్కారు. వాళ్ళ నోటిముందు నుంచి లాక్కొచ్చాను.

నిన్ను అకిలీస్ అని ఎందుకన్నానో నీకెవరూ చెప్పలేదు కాబోలు. ఆ వీరుణ్ణి పసితనంలో తల్లి ముంచింది ఈ నీళ్ళలోనే. ఆయుధం తాకినా తెగని ఒళ్ళు అతనికి వచ్చింది ఈ నీళ్ళ వల్లనే. గాడిదలు తోలిన ఇళ్ళలో పుట్టాం, నువ్వూ నేనూ. నీకైనా తల ఎత్తుకునే పేరు ఉండాలనుకున్నాను.

ఇక రోడ్డు వస్తుంది. పరదేశీయులు వస్తారు, సత్రం కట్టాలి, వంటలు చేయాలి, దారి చూపేవాళ్ళు కావాలి. నీ తల్లి గొంగళ్ళు పిండుకుంటూ చేతులు పాడుచేసుకోనక్కర్లేదు. ఒక్క వేసవి ఓపిక పట్టు.

నీ ఉత్తరంలో మీ అమ్మ పలకరింపు లేదు. ఎప్పుడూ ఒక మాట ఉండేది.

నీ జ్ఞానతండ్రి,
పెరియాండ్రోస్

జెలినిత్సా,
జూన్

జ్ఞానతండ్రి గారికి,

ఉత్తరం పైన ఈ పేరు రాస్తే పోస్టువాళ్ళు కొట్టేసి ఎర్రసిరాతో స్టిక్స్ అని రాస్తున్నారు. కొట్టుకోనివ్వండి.

మీరు ఓపిక పట్టమన్న వేసవి ఎలా మొదలైందో వినండి.

కింది ఊరు కలామియా నుంచి ఆసిమో అత్త వచ్చింది. తన పెళ్ళి గొంగళ్ళు కూడా మా నాయనమ్మ చేతనే తొక్కించుకున్న మనిషి. కూతురికి సెప్టెంబరులో పెళ్ళి. రెండు కంచరగాడిదల మీద ఎర్రవీ తెల్లవీ గొంగళ్ళు తెచ్చింది. వంతెన మీదుగా కాక గొర్రెలదారిన వచ్చింది కాబట్టి రేకు చూడలేదు. అమ్మ మొహంలో అన్నాళ్ళకు వెలుగు కనిపించింది. గొంగళ్ళు తొట్టెలో వేశాం. దోనె వదిలాం. సుడి అందుకుంది. ఇద్దరూ రాయి మీద కూర్చుని రొట్టె, ఉల్లిపాయ తింటూ వియ్యపురాలి పిసినారితనం గురించి మాట్లాడుకుంటున్నారు.

థొడోరిస్ అటుగా పోతూ ఊరుకోలేదు. "ఏమ్మా ఆసిమో, పెళ్ళికూతురికి చావు లేకుండా చేయిద్దామని తెచ్చావా, స్టిక్స్‌కి?" అన్నాడు. ఆమె ఏమిటని అడిగింది. ఆయన చెప్పాడు.

ఆసిమో అత్త లేచి, రొట్టెముక్క కొంగులోంచి దులిపేసి, "తియ్యి" అంది.

"సగమే అయింది ఆసిమో. ఇప్పుడు తీస్తే ఉన్ని చెడుతుంది" అంది అమ్మ.

"చెడనీ. గరూఫలియా, నీ మీద నాకేమీ లేదు. నీ చేతి అన్నం తిన్నదాన్ని. కానీ నా పిల్ల మొదటిరాత్రి చచ్చినవాళ్ళ ఏట్లో నానిన గొంగళి కప్పుకుంటే రేపు ఏదైనా అయినప్పుడు నేను ఎవరిని తిట్టుకోవాలి?"

"ఇవే నీళ్ళు. నీ గొంగళ్ళు నానిన నీళ్ళే."

"అప్పుడు తెలీదు కదే."

తడి గొంగళి బరువు మీకు తెలుసు. ఒక్కొక్కటి ముగ్గురం పట్టుకుని పైకి లాగాం. గాడిదల నడుములు వంగిపోయాయి. ఊరి మధ్య నుంచి వాళ్ళు వెళుతుంటే వెనక దారి పొడుగునా ఎరుపు కలిసిన నీళ్ళు కారాయి. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి సిలువ గుర్తు వేసుకున్నారు. మన ఊరి ఆడవాళ్ళే.

ఆ ఆదివారం అమ్మ కుండ నిండా నీళ్ళు మోసుకుని కొండ దిగి కలామియా వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. చర్చి వదిలే వేళకు కూడలిలో నిలబడి, అందరి ముందూ గటగటా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, "చచ్చానా?" అని అడిగింది.

ఒక ముసలాయన తాపీగా అన్నాడు: "నువ్వు పుట్టినప్పటి నుంచి తాగుతున్నావు తల్లీ. నువ్వు ఎప్పుడో వాళ్ళ మనిషివి."

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

నా ప్రశ్న ఒక్కటే. పేరు మార్చేముందు ఊరి సమ్మతి తీసుకోవాలని చట్టంలో ఉందట, పంతులు చెప్పాడు. మమ్మల్ని ఎవరు అడిగారు?

అకిలీస్

ఏథెన్స్,
జులై

చిరంజీవి అకిలీస్‌కు,

మీ అమ్మ విషయం చదివి బాధపడ్డాను. అది నిజం, నమ్ము.

కానీ దీనికి మందు అజ్ఞానానికి లొంగడం కాదు. ఆసిమోకు ఎవరైనా విడమరచి చెప్పారా? ఈ ఉత్తరంతో నా వ్యాసం ఒకటి పంపుతున్నాను. కాఫీకొట్టులో అందరూ ఉన్నప్పుడు గట్టిగా చదువు. ప్రాచీనులు ఆ నీళ్ళను అసహ్యించుకోలేదు, గౌరవించారు. దేవుడైనా దాని మీద ఒట్టు తప్పితే ఏడాది పాటు ఊపిరాడక పడి ఉండేవాడు. అబద్ధాన్ని సహించని నీరు అది. అటువంటి నీరు మన పెరట్లో పారుతోందని తెలిస్తే ఎవరికి గర్వం కలగదు?

నాకూ ఆ నీటి రుణం ఉంది. ఈ గదిలో నా మంచం మీద ఇప్పటికీ మా అమ్మ నేసిన ఎర్రగొంగళే ఉంది, మీ తొట్టెలో తొక్కించినదే. అంచులు పిగిలాయి. పారేయలేను.

సమ్మతి సంగతి అడిగావు. అది సక్రమంగానే ఇవ్వబడింది. ఆ వ్యవహారాలు నీకెందుకు?

అమ్మ ఈసారి కూడా ఏమీ చెప్పలేదా?

పెరియాండ్రోస్

జెలినిత్సా,
జులై నెలాఖరు

పెరియాండ్రోస్ గారికి,

వ్యాసం చదివాను. థొడోరిస్‌కు నచ్చింది, కొట్టుకు 'దేవతల కాఫీ' అని పేరు పెడతాడట. మిగతావాళ్ళు పేకాట ఆపలేదు.

'ఇవ్వబడింది' అని రాశారు. ఎవరు ఇచ్చారు? ఊరిపెద్దను అడిగాను. పాపా-ఫోటిస్‌ను అడిగాను. ఇంటింటికీ తిరిగాను. చెవుడున్న ముసలమ్మలను కూడా కేకలేసి అడిగాను. ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. ఇచ్చినవాడికి పేరు లేకుండా వాక్యం రాయడం మీరు ఏ బడిలో నేర్చుకున్నారు?

మీరు చెప్పిన పరదేశీయులు రాలేదు కానీ ఏథెన్స్ నుంచి ఒక దొరగారు, ఇద్దరు ఆడవాళ్ళు గుర్రాల మీద వచ్చారు. ధార ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. అమ్మ దాహమేమోనని చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఆడవాళ్ళు కెవ్వుమని వెనక్కి తగ్గి నవ్వారు. దొరగారు జేబులోంచి నాణెం తీసి, అమ్మ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, "పడవవాడికి ఇవ్వు అవ్వా, నిన్ను అవతలి ఒడ్డుకు దాటిస్తాడు" అన్నాడు.

మీ పుస్తకాల్లో ఆ పడవవాడు చచ్చినవాళ్ళను నది దాటించే ముసలి సరంగు. మా ఇళ్ళలో ఖారోస్ అంటే గుర్రమెక్కి వచ్చి ప్రాణం తీసుకుపోయేవాడు. నాన్న కోసం వచ్చినవాడు. అమ్మ చేతిలో వాడికి కట్టవలసిన సుంకం పెట్టి పోయాడు మీ దొర.

నేను రాయి ఎత్తాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. వాళ్ళు కనుమరుగయ్యేదాకా పట్టుకునే ఉంది. తర్వాత ఆ నాణేన్ని తొట్టెలోకి విసిరి, వెళ్ళి దోనెకు అడ్డుపలక వేసింది. సుడి నెమ్మదించింది. ఆగింది. ఆ చప్పుడు లేని మా ఇల్లు నేనెప్పుడూ ఎరగను. లోపల కూర్చుంటే పక్కింటివాళ్ళ దగ్గు వినిపిస్తోంది.

సెప్టెంబరులో సిలువ పండుగ దాటాక పాత్రాస్‌లో ఎండుద్రాక్ష వర్తకుడి ఇంట్లో పనికి ఒప్పుకుంది. వంటకు కాదు. మీ అంచనా ప్రకారం చేతులు పాడవకుండా ఉండడానికి, బట్టలుతకడానికి.

ఎవరు ఇచ్చారు సమ్మతి?

అకిలీస్

ఏథెన్స్,
ఆగస్టు

అకిలీస్,

అడుగుతూనే ఉన్నావు కాబట్టి చెబుతున్నాను. నేను ఇచ్చాను.

నోరులేని శిశువుకు జ్ఞానస్నానం చేసేటప్పుడు, సైతానును విడిచావా అని పూజారి ముమ్మారు అడుగుతాడు. పడమరకు తిరిగి జవాబు చెప్పేది ఎవరు? జ్ఞానతండ్రి. నీ తరఫున నేనే చెప్పాను. నువ్వు నా చొక్కా తడిపి గుక్కపెట్టి ఏడుస్తున్నావు. ఊళ్ళ పేర్లు మార్చే సంఘంలో 'ఊరివాళ్ళకు సమ్మతమేనా' అని అడిగారు. ఆ గదిలో మన ఊరి నుంచి ఉన్నది నేనొక్కణ్ణే. సమ్మతమే అన్నాను. మీకు రాసి, ఊరిపెద్ద వేలిముద్ర వేయించి, థొడోరిస్ వెక్కిరింతలన్నీ విని, జవాబు వచ్చేసరికి ఆ పేరు పక్కలోయకు పోయేది. ఇందులో తప్పేమిటో నాకు కనిపించదు. బిడ్డను అడిగి పేరు పెట్టేవాడు ఎవడైనా ఉన్నాడా? నువ్వూ ఆనాడు ఏడ్చావు. ఇప్పుడు ఆ పేరుతోనే ఉత్తరం కింద సంతకం చేస్తున్నావు.

మంచి మాట చెబుతాను. సిలువ పండుగ నాడు ధార పక్కన పాలరాతి పలక ఆవిష్కరిస్తున్నాం. జిల్లా అధికారి వస్తారు, పత్రికలవాళ్ళు వస్తారు. పది గంటలకు మొదలు. అప్పటికి నీళ్ళు సన్నబడి ఉంటాయి, తొట్టె కాలువకు ఒక్క చుక్క మళ్ళకుండా జవాన్లకు చెప్పించాను. ధార నిండుగా దూకాలి. నువ్వు కుచ్చుల తెల్లబట్టలు కట్టి, కంచు పాత్రతో ఆ నీళ్ళు రాతి మీద పోసి, ఊరి తరఫున ఒట్టు పలకాలి: ఈ పేరును శిరసావహిస్తున్నాం అని. అకిలీస్ అనే కుర్రవాడు స్టిక్స్ నీళ్ళు చేతబట్టుకుని నిలబడటం! నేను బతికిందంతా ఆ ఒక్క నిమిషం కోసమేమో అనిపిస్తోంది.

అధికారితో మాట్లాడి మీ అమ్మకు బడిలో ఊడ్చే పని ఇప్పిస్తాను. పాత్రాస్ పోనక్కర్లేదు. నా మాట కాదనకు.

ఒకసారి పెట్టిన పేరు తీయడం కుదరదు నాయనా. చర్చిలోనూ కుదరదు, ప్రభుత్వంలోనూ కుదరదు.

నీ జ్ఞానతండ్రి

జెలినిత్సా,
సెప్టెంబరు

పనగో మామకు,

ఈ పిలుపు మీకు కొత్తేమీ కాదు. చర్చిలో మీకు పెట్టిన పేరు పనగోస్, గాడిదలు తోలే స్టావ్రోస్ కొడుకు పనగోస్. ఏథెన్స్‌లో మెట్లెక్కుతూ దారిలో ఎక్కడో పెరియాండ్రోస్ అయ్యారు. పెట్టిన పేరు తీయడం కుదరదని మీరే రాశారు కాబట్టి గుర్తుచేస్తున్నాను. మీకు కుదిరింది. మా అమ్మ ఎప్పుడూ మిమ్మల్ని పనగో అనే అంటుంది.

ఒట్టు పలికేవాణ్ణి వేరే చూసుకోండి. నాకు పళ్ళు రాకముందు నా తరఫున మాట్లాడారు, అది ఆచారం, సరే. ఊరికి పళ్ళున్నాయి. నాలుకా ఉంది, దాని దెబ్బ చిన్నప్పుడు తిన్నారు కనుకనే అడగకుండా తప్పించుకున్నారు. ఆ నీరు అబద్ధాన్ని సహించదని మీ వ్యాసంలో ఉంది. ఆ నీటి పేరే అబద్ధపు సమ్మతి మీద పెట్టారు. ఏడాది పాటు ఊపిరాడక పడి ఉండవలసింది ఎవరో మీ లెక్క ప్రకారమే చూసుకోండి. ఊపిరాడనిది మాత్రం మా అమ్మకు.

బడి ఊడ్చే పని గురించి ఆమెకు చదివి వినిపించాను. "నా తొట్టె ఆపి చీపురిస్తాడా?" అంది. అంతే. మూట కట్టి తలుపు వెనక పెట్టింది.

ఆసిమో అత్త దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్ళాను. గొంగళ్ళు ఎండి అట్టకట్టాయి, కప్పుకుంటే చెంపలు గీరుకుంటున్నాయని పెళ్ళికూతురు ఏడుస్తోంది. అత్త నేను చెప్పిందంతా విని, చివరికి అంది: "మీ ఊళ్ళోనే ఆ పేరు ఒప్పుకున్నప్పుడు మేమెందుకు భయపడకూడదురా? మీరు కాదని నలుగురి ముందు అనండి. అప్పుడు తెస్తా." కరపత్రాల్లో నేను ఇంత సూటి మాట చదవలేదు.

కాబట్టి మేము కాదనబోతున్నాం. మీ అధికారి ముందు, మీ పత్రికలవాళ్ళ ముందు. ఇంటింటికీ తిరిగి చెప్పాను. థొడోరిస్ రాడు, సత్రం కలలు కంటున్నాడు. పాపా-ఫోటిస్ తనకు జీతం ఇచ్చేది ప్రభుత్వమని గొణిగి, గంట తాడు మాత్రం నా చేతికి ఇచ్చాడు. ఊరిపెద్దకు జ్వరమట, ఆ రోజు దాకా తగ్గదట. ఎంతమంది వస్తారో నాకు తెలియదు. మా అమ్మ వస్తుంది. ఈసారి పేరేమిటో పిల్లలు వచ్చి చెప్పేదాకా ఇంట్లో కూర్చోదు.

ప్రతి ఉత్తరంలోనూ ఆమె పలకరింపు అడిగారు. ప్రతిసారీ ఆమె చెప్పింది, నేను రాయలేదు. ఈసారి చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"పనగో అన్నా, నీ మంచం మీద గొంగళి అంచులు పిగిలాయన్నావట. ఇన్నేళ్ళు తొక్కించకపోతే పిగలవూ? మీ అమ్మ దాన్ని నేసేటప్పుడు పక్కన కూర్చుని ఉన్ని దువ్వింది నేను. వచ్చేటప్పుడు తీసుకురా. పారేయకు."

కాఫీకొట్టు తలుపుకు అంటించిన కాగితంలో రాసిందే మీకూ రాస్తున్నాను. మీరూ ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళే, మిమ్మల్ని అడగకుండా మీ తరఫున నేను జవాబు చెప్పను.

సిలువ పండుగ నాడు చర్చి గంట మోగగానే ప్రతి ఇంటివాళ్ళూ ఒక గొంగళి భుజాన వేసుకుని తొట్టె కాలువ దగ్గరికి రండి. జవాన్లు ఉంటారు, ఉండనివ్వండి. అడ్డుపలక తీస్తాం, నీళ్ళన్నీ తొట్టెలోకి మళ్ళిస్తాం. అధికారిగారు పాలరాయి మీద గుడ్డ లాగేసరికి వెనక ఒట్టి నల్లరాయి కనిపించాలి, ఇవతల తొట్టె మోగాలి. ఊరి పేరేమిటని ఆయన అడిగితే ఎవరి నోటితో వాళ్ళే చెప్పండి.

మామా, మీరు పాలరాయి దగ్గర నిలబడతారో, ఎర్రగొంగళి తీసుకుని కాలువ దగ్గరికి వస్తారో మీ ఇష్టం. గంట కొట్టేది నేను. తొమ్మిదింటికి.

గరూఫలియా కొడుకు,
లాంబ్రోస్